పిలుపు గంటకు స్వరము

హైదరాబాదు నగరమున అమీరుపేట మెట్రో స్టేషనునందు రెండు రైలుమార్గములు కలియును. అచ్చటికి ఒక్క నిలుపు దూరమున సంజీవరెడ్డి నగరము కలదు. జనులందరును దానిని ఎస్.ఆర్. నగర్ అనియే పిలుతురు. 1956లో ఆంధ్రప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రియై, 1977లో రాష్ట్రపతి పదవి నధిష్ఠించిన నీలం సంజీవరెడ్డిగారి పేర వెలసిన పేట యది. మైత్రీవనము చుట్టుపట్ల నున్న కంప్యూటరు శిక్షణాలయములకు వచ్చు యువతీయువకులతోడను, ఉద్యోగులతోడను సాయంవేళల ఆ ప్రాంతము క్రిక్కిఱిసి యుండును. అట్టి గుంపులో ఒక సెల్‌ఫోను మ్రోగినచో పదిమంది చేతులు జేబులకును సంచులకును పోవును. పదిమంది ఫోనులును, కర్మాగారమున అమర్చిన ఒకే స్వరముతో మ్రోగునవి యగుటయే అందులకు కారణము. ఒకడు మాటలాడుచు ముందునకు సాగును. తక్కిన తొమ్మండుగురు తమ ఫోనులను మఱల జేబులలో వేసికొందురు. ఈ చిక్కును తీర్చునదియే సొంతముగ కూర్చుకొన్న రింగుటోను.

ధ్వనినిబట్టి వచ్చినవారిని గుర్తించుట మనవారికి క్రొత్త కాదు. ధనుర్మాసపు ప్రాతఃకాలమున వీధిలో చిడతలు మ్రోగినచో హరిదాసు వచ్చెనని వంటయింటిలోని యిల్లాలికి తెలియును. సన్నాయి వినబడినచో గంగిరెద్దులవాడు. డమరుకము వినబడినచో బుడబుక్కలవాడు. ఆమె గుమ్మములోనికి వచ్చి చూడనక్కఱలేదు. బియ్యము చేటలోనికి తీసికొనియే వచ్చును. పొలమునుండి తిరిగివచ్చు ఎద్దుల మెడగంటలను విని అవి యెవరి యెద్దులో చెప్పగల రైతులు మన పల్లెలలో నుండెడివారు. అమెరికా దేశపు పల్లెలలో పూర్వము పలు యిండ్లకు కలిపి ఒకే టెలిఫోను తీగ యుండెడిది. ఒక యింటికి రెండు దీర్ఘములు, ఒక హ్రస్వము. మఱియొక యింటికి ఒక దీర్ఘము, మూడు హ్రస్వములు. ఇట్లు గంటల వరుసనుబట్టి పిలుపు ఎవరికో తెలిసికొనెడివారు. మన ఛందస్సులోని గురులఘువులే అచ్చట చిరునామాలైన వనవచ్చును. (ఇతరుల గంట విని, చప్పుడు చేయక రిసీవరెత్తి వారి మాటలు వినువారును ఉండెడివారు, అది వేఱు కథ.)

1876లో గ్రాహం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందినపుడు ఆ యంత్రమునకు గంటయే లేదు. ఆవలివానిని పిలుచుటకు పరికరములోని పలుచని రేకును తట్టెడివారు. లేనిచో గట్టిగ కేకవేసెడివారు. ఈ బాధను తొలగించినవాడు బెల్ సహాయకుడగు థామస్ వాట్సన్. 1878లో అతడు రూపొందించిన గంటలో రెండు లోహపు గిన్నెలు, వాని నడుమ ఒక చిన్న సుత్తి, దాని ననుసరించి ఒక విద్యుదయస్కాంతము ఉండెను. తీగ వెంట దిశ మార్చుకొనుచు ప్రవహించు విద్యుత్తు వచ్చినపుడు సుత్తి ఒకసారి కుడిగిన్నెను, ఒకసారి ఎడమగిన్నెను కొట్టును. 'ట్రింగ్ ట్రింగ్' అను నాదమునకు మూలమిదియే. ఆ విద్యుత్తు ఎక్స్ఛేంజినుండి రావలెను. అనగా ఇంటిలోని గంటను మ్రోగించు చేయి ఇంటిలో లేదు. దూరముననున్న ఎక్స్ఛేంజిలో నున్నది. కావుననే ఊరిలోని గంటలన్నియు నించుమించు ఒకే తీరున మ్రోగెడివి.

సెల్‌ఫోను విషయమున ఈ సంబంధము తలక్రిందులైనది. మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31వ తేదీన జరిగినది. నాటి పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాంతో మాటలాడిరి. ఇట్టి ఫోనునకు తీగ లేదు. కనుక సుత్తిని కదిలించు విద్యుత్తును దూరమునుండి పంపుట పొసగదు. టవరు పంపునది 'నీకు పిలుపు వచ్చినది, పిలుచువాని అంకె యిది' యను చిన్న సందేశము మాత్రమే. ఆ సందేశము నందుకొన్న పిమ్మట ఎట్లు మ్రోగవలెను, అసలు మ్రోగవలెనా, వణకి యూరకుండవలెనా యనునది ఫోనే నిర్ణయించుకొనును. పిలుపు ఊరిది, గంట యింటిది. రింగుటోనునకు సంబంధించిన స్వేచ్ఛ యంతయు ఈ ఒక్క మార్పునుండి వచ్చినదే.

ఆ తొలి ఫోనులలోని గంట మిక్కిలి బీద వాయిద్యము. ఒక సమయమున ఒక్క స్వరమును మాత్రమే అది పలుకగలదు. ఐనను 1994లో వెలువడిన నోకియా 2110 అను ఫోనులో ఒక చిన్న రాగఖండమును అమర్చిరి. స్పెయిను దేశపు గిటారు విద్వాంసుడగు ఫ్రాన్సిస్కో తారెగా 1902లో కూర్చిన 'గ్రాన్ వాల్స్' అను రచననుండి తీసిన తునక యది. తన రచన కోట్లకొలది జేబులలో మ్రోగునని 1909లో కన్నుమూసిన ఆ విద్వాంసుడు కలలోనైన తలచి యుండడు. ఆ కంపెనీవారే మఱియొక చమత్కారము చేసిరి. లిఖితసందేశము వచ్చినపుడు మ్రోగు స్వరములలో ఒకదానిని మూడు హ్రస్వములు, రెండు దీర్ఘములు, మఱల మూడు హ్రస్వములుగ అమర్చిరి. తంతి గుమాస్తాల మోర్సు సంకేతములో అది 'ఎస్ ఎమ్ ఎస్' అను మూడక్షరములు!

వాడుకరి తన స్వరమును తానే కూర్చుకొను ఏర్పాటు 1996లో జపాను దేశపు ఫోనులలో వచ్చినది. రెండేండ్ల పిమ్మట, 1998లో, ఫిన్లాండు దేశీయుడగు వెసా-మత్తి పానానెన్ స్వరములను లిఖితసందేశముల రూపమున ఒక ఫోనునుండి మఱియొక ఫోనునకు పంపు ఉపాయమును కనుగొనెను. మన పట్టణములలో ఈ విద్య వ్యాపించినది 2000వ సంవత్సరమున వెలువడిన నోకియా 3310 వంటి ఫోనులతో. దానిలో 'కంపోజర్' అను సౌకర్యము కలదు. అంకెల మీటలే హార్మోనియము మెట్లుగ పనిచేయును. 1 నొక్కినచో షడ్జము, 2 రిషభము, 3 గాంధారము, 4 మధ్యమము, 5 పంచమము, 6 ధైవతము, 7 నిషాదము. 0 నొక్కినచో విరామము. 8 నొక్కినచో స్వరకాలము సగమగును. 9 నొక్కినచో రెట్టింపగును. నక్షత్రపు గుర్తు స్థాయిని మార్చును. దాని కెదుటి ప్రక్కనున్న హాష్ గుర్తు స్వరమును అరమెట్టు పైకెత్తును.

సంగీతపాఠము నేర్చిన విద్యార్థికి ఇచ్చట పెద్ద నిధి దొరకును. ఒకటి మొదలు ఏడు వఱకు వరుసగ నొక్కినచో పుట్టునది మన 29వ మేళకర్తయగు ధీరశంకరాభరణము. అందులో 4ను, 7ను విడిచి 1, 2, 3, 5, 6 అను మీటలతోనే సంచరించినచో మోహనరాగము. 4ను, 6ను విడిచి 7ను ఉంచుకొన్నచో హంసధ్వని. బాలురకు సరళీవరుసలు నేర్పు మాయామాళవగౌళ కావలెనన్నచో కొంచెము చాకచక్యము కావలెను. దాని రిషభము, ధైవతము శుద్ధస్వరములు. అవి తిన్నగ మీటలమీద లేవు. 1 నొక్కి హాష్ నొక్కినచో శుద్ధ రిషభమును, 5 నొక్కి హాష్ నొక్కినచో శుద్ధ ధైవతమును లభించును. ఇక కాలప్రమాణము సంగతి. మొదటి కాలమునకు రెండవ కాలము రెట్టింపు వేగము, దానికి మూడవ కాలము రెట్టింపు వేగము అని మన గురువులు తొడపై తాళము వేయించి నేర్పినదే 8, 9 మీటలలో నిమిడియున్నది.

ఒక ఉదాహరణము. 3, 5, 6 నొక్కి, పై స్థాయికి పోయి 1 నొక్కవలెను. పిదప క్రిందికి దిగి 6, 5, 3, 2 నొక్కి, చివర 1ని దీర్ఘముగ నిలిపి, 0తో ఒక విరామము నీయవలెను. తొమ్మిది స్వరములతో మోహనరాగచ్ఛాయ గల పిలుపుగంట సిద్ధమైనది. నాటి విద్యార్థులు ఇట్టి అంకెల వరుసలను నోటుపుస్తకముల చివరి పుటలలో వ్రాసికొని యొకరికొకరు ఇచ్చికొనెడివారు. చలనచిత్ర గీతమును వినుచు, దాని స్వరములను చెవితో పట్టి, మీటలమీద నిలిపి చూచుట స్వరజ్ఞానమునకు మంచి అభ్యాసము. నేటి ఫోనులలో ఆ సౌకర్యము అమర్చియుండక పోవుట ఒక లోపమే యని చెప్పవలెను.

ఐతే ఆ బీద వాయిద్యమునకు గమకము రాదు. అది ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు దూకగలదే కాని జాఱలేదు, ఊగలేదు. వీణతీగను లాగి పలికించు కంపితముగాని, సన్నాయి విద్వాంసుని ఊపిరిలోని వంపుగాని అందు కలుగవు. పాశ్చాత్య వరుసలు ఆ ఫోనులలో కొంత సహజముగ వినబడి, మన కీర్తనలు ఎముకలగూడువలె వినబడుటకు కారణమిదియే. రాగము స్వరముల పట్టిక మాత్రమే కాదని ఆ చిన్న యంత్రము తన అశక్తతచేత చక్కగ బోధించినది.

తరువాతి మార్పులు వేగముగ వచ్చినవి. పలుస్వరములు ఒకేసారి పలుకు ఫోనులు వచ్చినవి; పిదప రికార్డయిన పాటనే యథాతథముగ మ్రోగించు ఫోనులు వచ్చినవి. దీనికి తోడ్పడినది ఎమ్పీత్రీ యను కుదింపు పద్ధతి. సీడీపై నుండు సంగీతమునకు సెకనుకు 14,11,200 బిట్లు కావలెను. 30 సెకనుల తునకకు సుమారు 53 లక్షల బైట్లగును. అదే తునకను సెకనుకు 1,28,000 బిట్ల ఎమ్పీత్రీగ మార్చినచో 4,80,000 బైట్లు చాలును. అనగా పదునొకండవ వంతు. పెద్దశబ్దము చాటున చెవికి పట్టని చిన్నశబ్దములను విడిచివేయుటచేత ఈ పొదుపు సాధ్యమగుచున్నది. చిన్న మెమరీ కార్డులో వందలకొలది పాటలు పట్టుటతో, వానిని ఎక్కించి యిచ్చు దుకాణములు వీధివీధిన వెలసినవి. ఫోనులోనే అంతర్జాలము విరివిగ వచ్చిన పిదప ఆ బేరము సన్నగిల్లినది.

నేడు రింగుటోను చేయుటకు దుకాణమునకు పోనక్కఱలేదు. పాటను కత్తిరించు ఆప్ ఒకటి ఫోనులో వేసికొన్నచో తెరమీద ఆ పాట కొండలు లోయలు గల గీతవలె కనబడును. కొండలు పెద్దశబ్దములు, లోయలు నెమ్మది శబ్దములు. ఎచ్చట మొదలుకావలెనో, ఎచ్చట ముగియవలెనో రెండు గుర్తులను జరిపి నిర్ణయింపవలెను. తాళపు ఆవృత్తము మొదలగుచోట మొదలుపెట్టి, ఆవృత్తము పూర్తియగుచోట ముగించినచో, తునక మఱల మొదటికి వచ్చినపుడు కుంటినడక నడువదు. చివర ధ్వనిని క్రమముగ తగ్గించుట మంచిది. లేనిచో టప్పున తెగినట్లుండును. ఆండ్రాయిడు ఫోనులలో ఆ తునకను 'రింగ్‌టోన్స్' అను సంచయములో దాచి, అమరికలలోనికి పోయి ఎన్నుకొన్న చాలును. ఐఫోనులో గ్యారేజ్‌బ్యాండ్ అను ఆప్ ద్వారా ఈ పని చేయుదురు. 30 సెకనులకు మించకుండ చూచుకొనవలెను. ఒక్కొక్క వ్యక్తికి ఒక్కొక్క స్వరము నేర్పఱచుటయు రెండు విధముల ఫోనులలోను సాధ్యమే. అమ్మకు ఒకటి, బడికి ఒకటి, తక్కినవారి కందఱకు ఒకటి యుంచుకొన్నచో, హరిదాసు చిడతలు వినిన యిల్లాలివలె, తెర చూడకయే పిలిచినవారెవరో తెలిసికొనవచ్చును.

పాట యెవరిదను ప్రశ్నయు కలదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము సంగీత రచనపై హక్కు రచయిత మరణించిన పిమ్మట 60 ఏండ్లవఱకు నుండును. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి కీర్తనలపై అట్టి హక్కు ఎవరికిని లేదు. కాని ఒక విద్వాంసుడు పాడగా ఇటీవల రికార్డు చేసిన కీర్తనపై, ఆ రికార్డును వెలువరించినవారికి ప్రత్యేకముగ హక్కు కలదు. రచన అందఱిది, రికార్డు వారిది. ఇంటిలోని బాలిక పాడగా ఫోనులోనే రికార్డు చేసికొన్న కీర్తనకు ఈ చిక్కు లేదు. వినుటకును అదియే మేలు.

రింగుటోనునకును, కాలరుట్యూనునకును భేద మెఱుగక పలువురు పొరపడుచున్నారు. మొదటిది పిలువబడినవాని ఫోనులో పుట్టి అతని చెవికి వినబడును. రెండవది టెలిఫోను సంస్థ యంత్రములలో పుట్టి, పిలుచుచున్నవానికి వినబడును. 2020 మార్చిలో కరోనా వ్యాధి వ్యాపించినపుడు, ఎవరికి ఫోను చేసినను మొదట ఒక దగ్గు, పిదప ఆరోగ్య సూచనలు వినబడుట చాలమందికి జ్ఞాపకముండును. అది కాలరుట్యూను స్థానమున పెట్టిన ప్రకటన. దానిని ఫోనునందలి అమరికలలో వెదకినవారికి అది దొరకకపోవుటలో వింత లేదు.

ఇంతవఱకు చెప్పినది వేడుక. వేడుకకు మించిన అవసరము మఱియొకటి కలదు. ఎస్.ఆర్. నగరు అపార్టుమెంటులో ఒక మామ్మ ఒంటరిగ నున్నదనుకొందము. కుమారుడు దూరదేశమున నున్నాడు. ప్రతిదినము ఫోను చేయును. ఫోను ముందుగదిలో మ్రోగును, ఆమె వంటయింటిలో నుండును, వినబడదు. రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నించి, కుమారుడు ఆందోళనతో ప్రక్కింటివారిని పిలిచి తలుపు తట్టించును. మామ్మ కులాసాగనే యుండును. కాని ఆ పావుగంట ఆ కుమారుడు పడిన బాధ తక్కువది కాదు. ఆమెకు చెవుడని ఇంటివారు తేల్చివేయుదురు. ఎదుట కూర్చుండి మాటలాడినచో ఆమె చక్కగ వినుచునే యున్నది! మఱి లోప మెక్కడ?

ధ్వని యనగా గాలిలోని కంపనము. సెకనుకు ఎన్ని కంపనములో అన్ని హెర్ట్జులందురు. పసిచెవి సుమారు 20 మొదలు 20,000 హెర్ట్జుల వఱకు వినగలదు. వయస్సు మీఱినకొలది వినికిడి పైనుండి క్రిందికి తఱుగుచు వచ్చును. తారధ్వనులు ముందు పోవును. మంద్రధ్వనులు చాలకాలము నిలుచును. మొగలోని పిచ్చుక కూత వినబడదు, దూరపు రైలుకూత వినబడును. చిన్న స్పీకరులకు తారధ్వని సులభము గనుక పెక్కు ఫోనులలో అమర్చిన గంటలు కీచుగ నుండును. మామ్మ చెవి ఎచ్చట మందగించినదో, ఫోను అచ్చటనే గట్టిగ అఱచుచున్నది. శబ్దము హెచ్చించినచో ప్రక్కింటివారికి బాగుగ వినబడును, మామ్మకు మాత్రము వినబడదు.

దీనికి విరుగుడు స్థాయిని దించుట. ఐతే మిక్కిలి దించరాదు. మృదంగపు తొప్పివంటి మంద్రధ్వనిని ఫోనునందలి చిన్న స్పీకరు పలుకలేదు. 500 మొదలు 1,500 హెర్ట్జుల నడుమ నుండు స్వరములు ఇరువురకు అనుకూలములు. అమెరికాలో పడకగదుల అగ్నిప్రమాద హెచ్చరికలకు 520 హెర్ట్జుల ధ్వనిని నియమించిరి. 3,000 హెర్ట్జులకు పైబడిన కీచుధ్వనికంటె అది నిద్రించువారిని బాగుగ మేల్కొల్పునని పరిశోధనలలో తేలినది. 520 అనునది మన హార్మోనియము నడిమి పంక్తి పైనుండు షడ్జమునకు దాదాపు సమానము. ఆ ధ్వని పిల్లనగ్రోవి నాదమువలె నున్ననిది కాక గరుకుగ నుండవలెను. గరుకుధ్వనిలో మూలస్వరముతోపాటు దానికి మూడురెట్లు, ఐదురెట్లు గల ఉపస్వరములును కలిసియుండును. ఒకటి వినబడకున్నను మఱియొకటి చెవి నందుకొనును. నాదస్వరము ఊరి చివరికి వినబడుటలో ఈ గుణమునకు భాగము కలదు.

కాలము కూడ ముఖ్యమే. 2019 నవంబరులో టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్, ఎవరును ఎత్తని పక్షమున సెల్‌ఫోను 30 సెకనులు, తీగఫోను 60 సెకనులు మ్రోగవలెనని నిర్ణయించినది. ముప్పది సెకనులలో మామ్మ వినవలెను, లేవవలెను, కండ్లజోడు వెదకవలెను, రావలెను. అందులో మొదటి పండ్రెండు సెకనులు నెమ్మదైన ఆలాపనకు పోయినచో ఆమెకు మిగులునది పదునెనిమిది. కావున ఆమె రింగుటోను మొదటి క్షణముననే పూర్తి బలముతో మొదలుకావలెను. రెండు మూడు స్వరములు మ్రోగి, అర సెకను నిశ్శబ్దమై, మఱల మ్రోగుట మంచిది. ఎడతెగని ధ్వనిని మనస్సు ఫ్యాను చప్పుడువలె మఱచిపోవును. ఆగి ఆగి వచ్చు ధ్వనికి తల తిప్పక తప్పదు. వాట్సన్ నాటి టెలిఫోనుగంటకు ఈ గుణములలో పెక్కులుండెను. చాలమంది వృద్ధులు తమ సెల్‌ఫోనులలో ఆ 'ట్రింగ్ ట్రింగ్' శబ్దమునే కోరుట కేవలము పాతమీది మమకారము కాదు.

ఈ శాస్త్రమునే బాలురు వేఱొకవిధమున ఉపయోగించిరి. బ్రిటనులోని వేల్సు ప్రాంతమున హోవర్డ్ స్టేపుల్‌టన్ అను నతడు, దుకాణముల ముందు గుమిగూడు పడుచువాండ్రను తఱుముటకు, వారికి మాత్రమే వినబడు కీచుధ్వనిని చేయు యంత్రమును 2005లో తెచ్చెను. దానికి 'మస్కిటో' అని పేరు. మఱుసటి యేడే విద్యార్థులు ఆ ధ్వనిని రింగుటోనుగ మార్చుకొనిరి. ఫోను తరగతిలో మ్రోగును, పిల్లలందఱకు వినబడును, బల్ల కెదుట నిలిచిన పెద్దవయస్సు ఉపాధ్యాయునికి వినబడదు! పాఠ్యపుస్తకములోని శ్రవణశాస్త్రమును ఇంత శ్రద్ధగ ఆచరణలో పెట్టిన తరగతి మఱియొకటి లేదేమో. ఐతే తరగతిలో చిన్నవయస్సు ఉపాధ్యాయుడున్న దినమున ఈ విద్య పనిచేయదు.

మామ్మ గంట విషయమున బాలురు ఇట్లు చేయవచ్చును. మొదట వేర్వేఱు స్థాయిలలో నాలుగైదు స్వరములను ఫోనులో నుంచి, ఆమె వెనుక నిలిచి, ఒక్కొక్కటి వినిపించి, ఏవి సులభముగ వినబడునో అడిగి గుర్తింపవలెను. వినబడినవానితో రెండు మూడు స్వరముల చిన్న వరుస కట్టవలెను. ఫోనును పరుపుమీదగాని, మెత్తపైగాని ఉంచరాదు. అవి ధ్వనిని మ్రింగివేయును. వణకు అమరికను కూడ తెఱచి, ఫోనును ఖాళీ స్టీలుపళ్ళెములో నుంచినచో, లోపలి బరువు తిరుగునప్పుడు పుట్టు అదరు పళ్ళెమునుకూడ మ్రోగించును. పిదప వంటయింటిలో మిక్సీ ఆడుచుండగా, కుక్కరు కూయుచుండగా, ఆమెకు చెప్పకయే మఱియొక ఫోనునుండి పిలిచి, ఎన్ని సెకనులకు తల యెత్తినదో లెక్కింపవలెను. పది సెకనులు దాటినచో ఆ స్వరమును తీసివేసి, ఇంకొక మెట్టు దించి, మఱల కూర్చవలెను.